పదకొండు బండల రుజువు

నరసన్న కొడుకు మహానందికి కాగితం మీద లెక్క వచ్చేది కాదు. రాతి మీదైతే వచ్చేది. బేతంచెర్ల నాపరాళ్ల గనిలో పుట్టి పెరిగినవాడికి అంతకన్నా పెద్ద పలక ఏముంటుంది? మేకుతో గీకితే నల్లటి బండ మీద తెల్లటి గీత పడుతుంది. కడిగినా పోదు. ఎక్కాల నుంచి కాలిక్యులస్ దాకా వాడు అట్లాగే నేర్చుకున్నాడు. గీతలు పడిన బండలు మనుషుల ఇళ్లకు పనికిరావు కాబట్టి పశువుల కొట్టాలకు పోయేవి. పదమూడో ఎక్కం మీద పేడ వేసిన ఎద్దులు ఆ చుట్టుపక్కల చాలానే ఉన్నాయి.

కర్నూలు రాజధాని అయిన కొత్తల్లో వాడు అక్కడ బి.ఏ. లెక్కల్లో చేరాడు. మొదటి పరీక్షలో కాగితం చూసి బిక్కమొహం వేశాడు. వందకు పన్నెండు వచ్చాయి. లెక్చరరు అహోబలం సారు పిలిచాడు.

"ఒకటికి అర కలుపు. దానికి మూడోవంతు, పావు, ఐదోవంతు... ఇట్లే కలుపుతా పోతే ఆ మొత్తం యాడన్నా ఆగుతాదా, పెరుగుతానే పోతాదా? పుస్తకం ముట్టకుండా రుజువు చేసుకోని రా. దసరా సెలవులైనాక సోమవారం చూపించల్ల. లేకుంటే చరిత్రకు మారిపో. ఆడ రాజులంతా ఎప్పుడో సచ్చిపోయినారు, నీ వల్ల ఎవురికీ నష్టముండదు."

లెక్కలు మానమంటే మహానందికి సంగటి మానమన్నట్టే. సెలవులంతా గనిలో కూర్చుని గీకాడు. ఆ మొత్తం ఆగదని వాడికి ముందే అనిపించింది. ఎందుకు ఆగదో చెప్పడానికే పదకొండు బండలు పట్టాయి. ఆఖరి శనివారం పొద్దున కాగితంలోకి ఎత్తుకుందామని పోతే బండలు లేవు.

"నాయనా, నా రుజువేది?"

"ఏ రుజువురా?"

"గోడకానించిన పదకొండు బండలు!"

"అవా? నిన్న లారీకెత్తించినా. కోయిలకుంట్లలో సుబ్బరత్నమ్మ కొత్తిల్లు కట్టిస్తాండాది. గీతలుండాయమ్మా అని చెప్పినా. ముగ్గులనుకోని మురిసిపోయింది."

మహానంది దొరికిన బస్సెక్కాడు. మధ్యాహ్నానికి సుబ్బరత్నమ్మ ఇంటి వెనక వసారాలో మోకాళ్ల మీద పాకుతూ కాగితం మీదికి ఎక్కిస్తున్నాడు. ఆ పెద్దావిడ వచ్చి నడుము మీద చేతులు పెట్టుకుని చూసింది.

"ఎవురప్పా నువ్వు? ఇల్లింకా కాకముందే పొర్లుదండాలు పెడతాండావే!"

"నా లెక్క ఎతుక్కుంటాండానమ్మా."

మేస్త్రీ పెద్ద ఈరన్న బండలు తనకు తోచిన వరుసలో పరిచాడు. తొమ్మిదో బండ పక్కన నాలుగోది. రెండోది తలకిందులు. అన్నీ కలిపి పది. ఆరోది లేదు.

"అదా?" అని ఈరన్న నడింటి గడప దగ్గర కాలితో తట్టాడు. "ఇది నున్నగుండాదని బోర్లా ఏసి ఈడ పరిచినా."

"లేపన్నా, నీకు పుణ్యముంటాది!"

"పరిచిన బండ లేపితే మేస్త్రీ అంటారా నన్ను? పోప్పా!"

"గడప కాడ బండ లేపేది మంచిది గాదు నాయనా," అంది సుబ్బరత్నమ్మ కూడా.

ఐదో బండ నుంచి ఏడో బండకు ఎట్లా దూకాడో మహానందికి ఎంత తన్నుకున్నా గుర్తు రాలేదు. సోమవారం సారు మొహం, చచ్చిపోయిన రాజుల మొహాలు కళ్ల ముందు తిరిగాయి. సుబ్బరత్నమ్మ జాలిపడి సంగటి ముద్ద, చెనిక్కాయల పచ్చడి పెట్టింది.

"బండ మీద అలిగితే బండకేం నొప్పి? తిను."

తింటూ ఈరన్నను చూస్తున్నాడు. గోడ దగ్గర ప్రతి వరుసలోనూ అర బండ జాగా మిగిలింది. ఈరన్న మొదటి దాంట్లో రెండు ముక్కలు వేశాడు. రెండోదాంట్లో ఇంకా చిన్నవి నాలుగు.

"కొలవకుండానే ఏస్తాండావే అన్నా?"

"కొలిచేదేముండాది? పావు బండకు తగ్గని ముక్కలు రెండైతే అర నిండుతాది. అరపావుకు తగ్గనివి నాలుగు. ఇంగా చిన్నవైతే ఎనిమిది. మిగిలింది చెక్కేస్తా."

"ముక్కలు మరీ చిన్నవైపోతే?"

"ఎక్కువ ఏస్తా! ముక్కలు అయిపోకుండా ఇస్తాంటే నంద్యాల దాకా పరుస్తా. నాకేం?"

మహానంది ముద్ద కంచంలో వదిలేశాడు. మూడోవంతు, పావు: రెండూ పావుకు తగ్గవు, కలిపితే అర నిండింది. తర్వాతి నాలుగూ అరపావుకు తగ్గవు, ఇంకో అర. ఆ తర్వాత ఎనిమిది, ఇంకో అర. అరలు వస్తూనే ఉంటాయి. ఎక్కడ ఆగుతుంది? సంగటి చేత్తోనే ఈరన్నను వాటేసుకున్నాడు.

"అమ్మా, ఈడికి పచ్చడి కారమెక్కింది, నీళ్లు తే!" అని ఈరన్న కేకలు పెట్టాడు.

వసారాలో కూర్చుని కాగితం మీద రాస్తే నాలుగు వరుసల్లో అయిపోయింది.

సోమవారం అహోబలం సారు ఆ నాలుగు వరుసలూ చదివి కళ్లద్దాలు తీశాడు.

"ఏ పుస్తకంలో చూసినావురా?"

"పుస్తకం గాదు సార్, పెద్ద ఈరన్న."

"ఎవురాయన? యాడ ప్రొఫెసరు?"

"కోయిలకుంట్లలో సార్. బండలు పరుస్తాడు."

కథంతా విని సారు బల్ల గుద్ది నవ్వాడు. "ఆరొందల ఏండ్ల కిందట ఫ్రాన్సు దేశంలో ఒకాయన ఇట్లే చేసినాడు. నువ్వు చరిత్రకు పోనక్కర్లేదులే, చరిత్రే నీ కాడికొచ్చింది. పోయి కూర్చో."

బి.ఏ. గట్టెక్కి మహానంది కోయిలకుంట్ల హైస్కూల్లోనే లెక్కల మాస్టరయ్యాడు. ఒక ఆదివారం తీరిగ్గా ఆ పది బండల కాగితాలు ముందేసుకుని, ఆరో బండ మీది మెట్టు మళ్లీ చేసి చూస్తే చెమట పట్టింది. సున్నాతో భాగించి పెట్టాడు. శుద్ధ తప్పు.

ఆ వారమే సుబ్బరత్నమ్మ దారిలో కనబడింది. "మాస్టరా, నడిల్లు పెద్దది చేయిస్తాండాం. నీ ఆరో బండ లేపిస్తాలే, వచ్చి సూసుకుందువు."

"వద్దమ్మా!" అని మాస్టరు నడిబజారులో గొడుగు జారవిడిచాడు. "గడప కాడ బండ లేపేది మంచిది గాదు!"