మంచానికి కట్టిన చేతులు

పంజాగుట్టలో ఒక ప్రైవేటు ఆసుపత్రి ఐసీయూకి నేను ఇన్‌చార్జి నర్సుగా ఉన్న రోజులవి. అమీర్‌పేటలో ఏ గోడ చూసినా కంప్యూటర్ కోర్సుల పోస్టర్లే. ఎస్.ఆర్. నగర్ గదుల్లో ఉండి చదువుకునే పిల్లలు జ్వరాలతో మా దగ్గరికి తరచు వస్తుండేవారు.

అలా వచ్చినవాడే ఆ కుర్రాడు. అమీర్‌పేట మైత్రీవనంలో కంప్యూటర్ కోర్సు చేస్తూ న్యుమోనియాతో పడిపోయాడు. ఊపిరందక గొంతులో గొట్టం వేసి వెంటిలేటర్ మీద పెట్టాం. వెంట ఉన్నది అన్న ఒక్కడే. వడ్రంగి పని చేసేవాడు. తల్లీతండ్రీ పోయాక తమ్ముణ్ణి తనే పెంచాడు.

ఒక సాయంత్రం చూడ్డానికి లోపలికి వస్తూనే కేకలు మొదలుపెట్టాడు. తమ్ముడి రెండు చేతులూ గుడ్డపట్టీలతో మంచానికి కట్టి ఉన్నాయి.

“ఏం దొంగతనం జేసిండని కట్టేసిన్రు? పశువా మా తమ్ముడు?”

బెడ్ దగ్గరున్న నర్సు కొత్తమ్మాయి. ఆమె నోరు తెరిచేలోపే డ్యూటీ డాక్టరు పరుగున వచ్చి, ఆయన్ని చల్లబరచాలన్న తొందరలో, “ఎవరు కట్టారు సిస్టర్? చెప్పకుండా ఎందుకు కట్టారు?” అని అందరి ముందూ గద్దించాడు. పొద్దున కుర్రాడు మగతలో గొట్టం పీక్కోబోతే కట్టమన్నది ఈ డాక్టరే. ఆ అమ్మాయి స్టోర్ రూములోకి వెళ్ళి ఏడ్చింది.

“నేనింక ఆ బెడ్ దగ్గరికి వెళ్ళను మేడమ్,” అంది నాతో.

ముందు డాక్టరు దగ్గరికి వెళ్ళాను. “సార్, ఆయన కోపం తగ్గించడానికి మా అమ్మాయిని బలిపెట్టారు. రేపు ఆవిడ ఏం చెప్పినా ఆయన నమ్ముతాడా?”

డాక్టరు వయసులో నాకంటే చాలా చిన్నవాడు. నిద్ర లేక కళ్ళు ఎర్రబడి ఉన్నాయి. “నిజమే మేడమ్. పిలవండి, అందరం కూర్చుందాం,” అన్నాడు.

పక్క గదిలో నలుగురం కుర్చీల్లో కూర్చున్నాం. డాక్టరే మొదలుపెట్టాడు. “కట్టమన్నది నేనే. సిస్టర్ తప్పేం లేదు. మీకు ముందే చెప్పాల్సింది, చెప్పలేదు.” గొట్టం ఊడితే ఎంత ప్రమాదమో నర్సు మెల్లగా వివరించింది.

అన్న తల దించుకున్నాడు. “గా ముక్క ముందే చెప్తే నేనెందుకు లొల్లి జేస్త మేడమ్? ఆన్ని గట్ల జూస్తే పానం ఆగలే. జర నన్ను పక్కన కూసోనియ్యుండ్రి. చేతులు నేను పట్టుకుంట. కట్లు ఇప్పుండ్రి.”

ఐసీయూలో ఇంటివాళ్ళు అలా కూర్చోవడానికి రూలు ఒప్పుకోదు. డాక్టరు నావైపు చూశాడు, నేను ఆ అమ్మాయి వైపు చూశాను.

“మీరు కూర్చున్నంతసేపూ విప్పి ఉంచుతాను. లేచేటప్పుడు మాత్రం నాకు చెప్పాలి,” అందామె.

“చెప్త బిడ్డా. ఇందాక కోపంల ఏమన్న అంటే మనసుల వెట్టుకోకు.”

ఆమే కట్లు విప్పింది. అన్న స్టూలు మీద కూర్చుని తమ్ముడి చేతులు పట్టుకుని, ఇంటి కబుర్లన్నీ చెవిలో చెబుతూ పోయాడు. కుర్రాడి పెనుగులాట క్రమంగా తగ్గింది.

ఆ తర్వాత ఎవరి చేతులు కట్టాల్సివచ్చినా, డాక్టరు స్వయంగా బయటికి వెళ్ళి ఇంటివాళ్ళకు చెప్పేవాడు. చాలాసార్లు ఆ అమ్మాయిని కూడా వెంట తీసుకెళ్ళేవాడు.

గొట్టం తీసి వార్డుకు మార్చినప్పుడు ట్రాలీని ఒకవైపు అన్న, మరోవైపు ఆ అమ్మాయి నెట్టుకుంటూ వెళ్ళారు. కుర్రాడు బొంగురు గొంతుతో బిర్యానీ అడుగుతుంటే, ముందు జావ తాగాల్సిందేనని ఇద్దరూ ఒకే మాట మీద నిలబడ్డారు.