ముక్కు కోసిన బండి

దెయ్యాలున్నాయని ఎవరైనా చెబితే నాకు భయం వేయదు, చిరాకు వేస్తుంది. చర్చిలో సాక్ష్యాలు చెబుతున్నప్పుడు కూడా సగంమంది గోరంతను కొండంత చేస్తున్నారని లోపల విసుక్కునే మనిషిని. అందుకే ఈ సంగతి ఇన్నాళ్లూ ఎక్కడా ఎత్తలేదు. చూసింది చూసినట్టు రాస్తాను. నమ్మమని ఎవరినీ బతిమాలను.

మాది గోపన్‌పల్లిలో వంటశాల. హైటెక్ సిటీ ఆఫీసులకు మధ్యాహ్నం భోజనాలు పంపుతాం. వంట నాది, బండి వ్యవహారం మా ఆయన ప్రకాశానిది. బండి అంటే డీజిల్ పికప్. వెనక రేకు డబ్బా, దాని తలుపుకి బయటినుంచి గడియ. ముందు ఉన్నవి రెండే సీట్లు. ఒకటి డ్రైవర్ యాదగిరిది, రెండోది మా ఆయనది. వడ్డించడానికి వెళ్లే సువార్త మాత్రం అన్నం గిన్నెలతో పాటు డబ్బాలో కూర్చునేది.

సువార్త మా చర్చి మనిషే. భర్త లేడు, ఇద్దరు ఆడపిల్లల్ని ఒక్కతే పెంచుతోంది. ఆమెను సామానులా లోపల పెట్టి గడియ వేయడమేమిటని మా ఆయనతో ఎన్నిసార్లు గొడవపడ్డానో. "పావుగంట దారే కదే" అనేవారు. హైటెక్ సిటీ ట్రాఫిక్‌లో ఆ పావుగంట ఏ రోజూ పావుగంటలో అయ్యింది లేదు.

మొన్న వేసవిలో బండి డాష్‌బోర్డు మీద పసుపు దీపం వెలిగింది. పొగ గొట్టంలో ఒక సెన్సర్ ఉంటుందట. బయటికి పోయే పొగ ఎంత చెడ్డదో కనిపెట్టడం దాని పని. అది పాడైంది. పాడైతే బండి తనంతట తానే వేగం తగ్గించేసుకుంటుంది. ఫ్లైఓవర్ ఎక్కలేక ఈడ్చుకుంటూ పోతుంటే వెనక కార్లవాళ్లు హారన్లతో తిట్టేవారు. సాంబారు చల్లారిపోయేది. ఇలాగైతే వేరేవాళ్లను చూసుకుంటామని ఆఫీసులవాళ్లు చెప్పేశారు.

సర్వీసు సెంటర్‌కి నేనే వెళ్లాను. చల్లటి ఏసీ గదిలో కూర్చున్న పెద్దమనిషి ఫోన్‌లోంచి తల ఎత్తకుండా "స్టాక్ లేదు మేడమ్" అన్నాడు. ఎప్పుడొస్తుందంటే, వచ్చినప్పుడు చెబుతామన్నాడు. అమ్మేటప్పుడు ఇదే మనిషి వంగి వంగి దండాలు పెట్టాడు.

ఇక మా ఆయన మియాపూర్ వైపునుంచి ఒకణ్ని పట్టుకొచ్చారు. నోటినిండా గుట్కా, చంకలో ల్యాప్‌టాప్. వచ్చీ రాగానే మా వాకిట్లో ఉమ్మేశాడు. బండి కింద దూరి సెన్సర్ ఊడబీకి, ఆ కన్నంలో ఒక బోల్టు బిగించాడు. తెగ్గోసిన వైరుకు టేపు చుట్టాడు. తర్వాత ల్యాప్‌టాప్ తగిలించి ఆ పసుపు దీపమే ఇక వెలగకుండా చేశాడు.

"ఇగ ఫికర్ లేదు మేడమ్. బండికి ముక్కు కోసేసిన. వాసన ఎట్ల పడతది?" అని నవ్వాడు. మా ఆయన కూడా నవ్వారు. నాకు ఒళ్లు మండిపోయింది.

మర్నాడు రోడ్డు పక్క వ్యానులో పొల్యూషన్ సర్టిఫికెట్ కూడా తెచ్చుకున్నారు. నంబరు ప్లేటుకి ఫోటో తీసి ఇచ్చేశారట, గొట్టం వైపు చూడనైనా చూడలేదట. ఎవరిని చూసినా నాకు రోత పుట్టింది. ఊడబీకిన సెన్సర్‌ని ఒక కవర్లో చుట్టి డాష్‌బోర్డు అరలో పడేశారు.

బండి మాత్రం గుర్రంలా పరుగెత్తింది. తాళం తిప్పగానే అన్ని దీపాలూ ఒకసారి వెలిగి ఆరుతాయి కదా, అప్పుడు కూడా ఆ పసుపు దీపం వెలిగేది కాదు. ఇది నేను రోజూ చూశాను.

మాకొక అలవాటుంది. బండి కదిలే ముందు మా ఆయన బానెట్ మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేస్తారు. ఆమెన్ అనగానే బయలుదేరాలని ఇంజిన్ నడుస్తూనే ఉంటుంది. ఆయన ప్రార్థన అన్నంతో మొదలై, జబ్బుపడ్డ చుట్టాల మీదుగా దేశాన్నేలే వాళ్లదాకా పోతుంది. బంపర్‌కి నిమ్మకాయ, మిరపకాయలు కట్టే యాదగిరి కూడా సీట్లో కూర్చుని భక్తిగా చేతులు జోడిస్తాడు. నేను కళ్లు మూసుకోను. అంతసేపు మూసుకుంటే నిద్రొస్తుంది.

ఆ రోజు సన్నగా వాన. డబ్బాలోకి జల్లు పడుతుందని పైన ఉన్న చిన్న కిటికీ కూడా మూసేశారు. సువార్త ఎక్కింది, మా ఆయన గడియ వేసి వచ్చి ప్రార్థన మొదలుపెట్టారు. నేను డ్రైవర్ తలుపు పక్కన నిలబడ్డాను.

ప్రార్థన చుట్టాల దగ్గరికి వచ్చేసరికి డాష్‌బోర్డు మీద పసుపు దీపం వెలిగింది.

ముందు ఏదో మెరుపనుకున్నాను. వంగి చూశాను. అదే గుర్తు, నిలకడగా వెలుగుతోంది. యాదగిరి కూడా దాన్నే చూస్తున్నాడు. అతని చేతులు జోడించే ఉన్నాయి. తాళం కదల్లేదు. ఇంజిన్ ఒక్క కుదుపు కుదిపి ఆగిపోయింది.

మా ఆయన విసుగ్గా కళ్లు తెరిచారు. "నేను ముట్టలే అక్కా, దేవుని తోడు" అన్నాడు యాదగిరి.

అప్పుడు వినిపించింది. వెనక రేకు మీద ఎవరో కొడుతున్నారు, ఓపిక లేనట్టు, ఆగి ఆగి.

పరుగెత్తి గడియ లాగాను. గుప్పున పొగ నా ముఖం మీదికి వచ్చింది. సువార్త సాంబారు క్యారియర్ మీదికి ఒరిగిపోయి ఉంది. పెదాలు బూడిద రంగులో ఉన్నాయి. చేతిలో గరిటె. యాదగిరీ నేనూ మోసుకొచ్చి వానలో పడుకోబెడితే వాంతి చేసుకుంది. దవాఖానలో ఆక్సిజన్ పెట్టారు. ఇంకాస్త ఆలస్యమైతే దక్కేది కాదన్నారు.

తెలివొచ్చాక నన్ను చూసి, "ఎప్పట్నుంచో కొడతానే ఉన్నానక్కా, మీకు వినపడలేదా?" అంది. ఇంజిన్ మోతలో మాకేమీ వినపడలేదు.

ఆ గుట్కావాడు బిగించిన బోల్టు ఊడిపోయింది. కన్నంలోంచి పొగ నేరుగా డబ్బా అడుగున ఉన్న చీలికలోకి ఎక్కింది. అంతవరకూ నాకు అర్థమైంది. అర్థం కానిది మిగతాది. వేరే మెకానిక్‌ని పిలిచి అంతా విప్పించాను. వైరు కొస మీద టేపు చుట్టింది చుట్టినట్టే ఉంది. డీజిల్ ఉంది, బ్యాటరీ బాగుంది. తాళం తిప్పితే మొదటిసారికే స్టార్టయింది. పసుపు దీపం వెలగలేదు. "అది వెలగనీకె దారే లేదక్కా" అన్నాడతను.

యాదగిరి అంతా నిమ్మకాయ మహిమ అంటాడు. మా ఆయన చర్చిలో నిలబడి, తన ప్రార్థన ఆలకించి దేవుడు బండి ఆపాడని కన్నీళ్లతో సాక్ష్యం చెప్పారు. మనిషిని లోపల పెట్టి గడియ వేసిన సంగతి ఆ సాక్ష్యంలో రాలేదు. నేను మధ్యలోనే లేచి బయటికొచ్చేశాను.

ఇప్పుడు కొత్త సెన్సర్ వేయించాం. సువార్త ముందు సీట్లో కూర్చుంటుంది, మా ఆయన స్కూటర్ మీద వెళతారు. ఇంజిన్ ఆపితేనే ప్రార్థన.

పాత సెన్సర్ నా దగ్గరే ఉంది. ఆ రోజు అది అరలో, కవర్లోనే ఉంది, నా చేత్తో నేనే తీశాను. మరి దీపం ఎలా వెలిగిందో, ఇంజిన్‌ని ఎవరు ఆపారో నాకు తెలియదు. ముక్కు కోసేసిన బండికి వాసన తగిలింది. ముక్కులున్న మేం ముగ్గురం ఆ పొగ పక్కనే ఉండి, ఎప్పుడు ఆమెన్ అంటారా అని చూస్తున్నాం.