బావ లాగిన తాడు

ఫోటోలో దయ్యం పడిందంటూ నా స్టూడియోకి వచ్చేవాళ్లు ఏడాదికి ఇద్దరు ముగ్గురైనా ఉంటారు. నరసరావుపేటలో పద్దెనిమిదేళ్లుగా నాది ఇదే పని. పెళ్లి ఫోటోలో తెల్లటి మసక కనపడితే అది లెన్స్ మీద తేమ. గోడ మీద ముఖంలాంటిది కనపడితే అది ఫ్లాష్ చేసిన పని. కంప్యూటర్లో పెద్దది చేసి, ఓపిగ్గా చూపించి పంపిస్తాను. అలా వచ్చిన ఒక్క ఫోటో కూడా నన్ను తికమక పెట్టలేదు. ఇప్పటికీ దయ్యాలున్నాయని నేను అనడం లేదు. మా బావకి జరిగింది మాత్రం జరిగినట్టు రాస్తాను.

బావ పేరు సుభానీ. మా అక్క భర్త. పుట్టింది రెంటచింతలలో, మాచర్లలో లారీ మెకానిక్. యాభై దాటినా సముద్రం చూడలేదు. ఈత రాదు, పడవ ఎక్కలేదు, నీళ్లంటేనే భయం. ఒకసారి అందరం ఎత్తిపోతల జలపాతానికి వెళ్తే, పిల్లలు ఎంత ఎగతాళి చేసినా మెట్లు దిగకుండా పైనే కూర్చున్నాడు.

రెండేళ్ల కిందట వానాకాలంలో, హైదరాబాదులో క్యాలెండర్లు వేసే ప్రెస్ వాళ్లు నన్ను కొంకణ తీరం ఫోటోలు అడిగారు. ముసురులో, నల్లరాళ్ల మీద అలలు విరిగిపడుతుంటే తీయాలి. అంత దూరం ఒక్కడినే కారు నడపలేనని బావని అడిగాను.

"సముద్రం దాకా తోలతా. దగ్గరికి మాత్రం పిలవబాక," అన్నాడు.

రత్నగిరి దాటాక ఒక చిన్న పల్లె దగ్గర ఆగాం. మా పల్నాడు రాయి పలకలు పలకలుగా లేస్తుంది. ఇది అలా కాదు. ఎప్పుడో భూమిలోంచి పొంగి గడ్డకట్టిన లావా. నల్లగా, ముద్దలు ముద్దలుగా, మధ్యలో మనిషి పట్టేంత చీలికలతో సముద్రంలోకి దిగిపోయి ఉంది. గాలికి నిలబడటం కష్టంగా ఉంది. కెమెరాకి పాలిథీన్ కవరు చుట్టి, స్టాండు బిగించాను. మధ్యాహ్నం రెండున్నర అయి ఉంటుంది.

బావ కారులో కూర్చుంటాడనుకున్నాను. గొడుగు పట్టుకుని నా వెనక నిలబడి ఉన్నాడు.

"ఈడ వద్దురా మస్తాన్," అన్నాడు మామూలుగా. "నీళ్లు ఈడిదాకా వస్తాయి. ఎనక్కి జరుగు."

అలలు ఇంకా చాలా దూరంలోనే విరుగుతున్నాయి. అయినా ఆయన మాట కాదనలేక స్టాండు ఎత్తి పది అడుగులు వెనక్కి జరిగాను. కాసేపటికి వచ్చిన ఒక పెద్ద అల, నేను నిలబడ్డ చోటుని నడుము లోతున ముంచేసి వెళ్లింది. బావకి చెబుదామని తిరిగేసరికి గొడుగు రాళ్ల మధ్య ఇరుక్కుని ఉంది. ఆయన లేడు.

అప్పటికే చాలా ముందుకి వెళ్లిపోయాడు. రబ్బరు చెప్పులతో, పాచి పట్టిన రాళ్ల మీద, కిందకి చూడకుండా నడుస్తున్నాడు. నేను బూట్లతో నాలుగడుగులు వేసేలోపు రెండుసార్లు జారాను. "బావా" అని అరిచాను. నా గొంతు నాకే వినపడలేదు. ఆయన ఒక చీలిక దాటి, అవతల సముద్రంలోకి పొడుచుకొచ్చిన చివరి రాయి ఎక్కాడు. ఆ వెనకే చీలికలోకి నీళ్లు వచ్చేశాయి.

నేను దాటబోయాను. అల కొట్టి పడేసింది. మోకాలు చీరుకుపోయింది. రెండోసారి ప్రయత్నిస్తే కెమెరా బ్యాగు కొట్టుకుపోయింది. ఫోనులో సిగ్నల్ లేదు. పల్లె వైపు పరిగెత్తాలంటే బావ కంటికి కనపడకుండా పోతాడు. నేను తిరిగొచ్చేసరికి ఆ రాయి మీద ఎవరూ లేకపోతే అక్కకి ఏం చెప్పాలి? అలా అని ఇక్కడ ఉండి నేను చేయగలిగింది కూడా ఏమీ లేదు.

వానలో ఆయన ఉన్నాడో లేడో మామూలు కంటికి తెలియడం లేదు. అందుకని స్టాండు మీదున్న కెమెరాని జూమ్ చేసి చూశాను. బావ రాయి అంచున, ఎడమ కాలు ముందుకు తన్నిపెట్టి, రెండు చేతులూ మూసి, ఏదో లాగుతున్నాడు. ఒక చేతి తర్వాత ఒక చేయి. చేతుల్లో ఏమీ లేదు. అలలు నడుం దాకా వచ్చి పోతున్నాయి. ఆయన కదలడం లేదు, లాగుతూనే ఉన్నాడు.

నా వేలు బటన్ నొక్కుతూ పోయింది. ఫోటోలు తీయాలన్న ఆలోచన నాకు లేదు. నా చేతులకి తెలిసిన పని అదొక్కటే. మొదటి ఫోటో మీద మూడూ పన్నెండు అని ఉంది, చివరిదాని మీద మూడూ యాభై ఒకటి.

ఆ మధ్యలోనే నెత్తిన ప్లాస్టిక్ సంచి కప్పుకున్న ఒక పెద్దావిడ వచ్చింది. చేపలు అమ్మే మనిషి. నేను హిందీలో, ఎవరినైనా పిలవమని బతిమాలాను. నీళ్లు దిగేదాకా అక్కడికి ఎవరూ వెళ్లలేరని చెప్పింది. తర్వాత చేయి అడ్డం పెట్టుకుని బావనే చూస్తూ నిలబడింది.

"ఆయనది ఈ ఊరేనా?" అని అడిగింది.

కాదన్నాను. మాది ఆంధ్ర అన్నాను.

"మరి ఎడమ కాలు ఆ గుంటలో పెట్టాలని ఎవరు చెప్పారు?"

వెనకటికి గాలివానలో పడవలు ఒడ్డుకి రాలేకపోతే, ఆ రాయి మీంచే తాడు విసిరి, అంచున తొలిచిన గుంటలో ఎడమ కాలు తన్నిపెట్టి లాగేవాళ్లట. అవతల వైపు పడవలు ఆగే జెట్టీ కట్టాక అటు ఎవరూ వెళ్లడం లేదట. ఆ రాయి మీద ఎవరైనా పోయారా అని అడిగాను. ఆమె నా వైపు చూసి, "ఏ ఏడాది సంగతి చెప్పమంటావు?" అంది. నన్ను వదిలి మాత్రం వెళ్లలేదు. నీళ్లు దిగేదాకా నా పక్కనే రాయి మీద కూర్చుంది.

ఉన్నట్టుండి బావ వెల్లకిలా పడ్డాడు. లేచి, అలలు అందని వెనక ఎత్తు మీద కూర్చుని తల దించుకున్నాడు. సాయంత్రం ఆరు దాటాక, చీలికలో మోకాలి లోతు నీళ్లున్నప్పుడు, నేనే వెళ్లి పట్టుకొచ్చాను. వచ్చేటప్పుడు ప్రతి రాయికీ జారాడు. నీళ్లని చూసి పసిపిల్లాడిలా నా చొక్కా పట్టుకున్నాడు.

"ఏందిరా, అట్టా చూస్తన్నావ్?" అన్నాడు ఒడ్డుకి వచ్చాక. "నేను ఇప్పుడేగా గొడుగు పట్టుకునుంది. ఇంత చీకటి ఎట్టా పడింది?"

రెండు అరచేతులూ తోలు లేచిపోయి ఉన్నాయి. మర్నాడు పట్నంలో కట్టు కట్టిన డాక్టరు, తాడు ఒరిసిన గాయాలని మేమేమీ చెప్పకుండానే రాశాడు. ఆ చీటీ నా దగ్గర ఉంది.

ఫోటోలు నలభై మూడు. వాటిలో ఏ నీడా లేదు, ఏ మసకా లేదు. బావ ఒక్కడే ఉన్నాడు. కానీ చాలా ఫోటోల్లో ఆయన వెనక్కి ఎంత వాలి ఉన్నాడంటే, ముందు నుంచి ఏదో పట్టి ఉంచకపోతే మనిషి అలా నిలబడలేడు. గాలి ఆపిందేమో అనుకున్నాను. గాలి సముద్రం మీంచి వస్తోంది, అది ఆయన్ని ఇంకా వెనక్కి పడేయాలి. స్టూడియోలో పరుపు వేసుకుని నేనే అలా వాలి చూశాను. ఒక్క క్షణం కూడా ఆగలేకపోయాను.

చివరి మూడు ఫోటోల్లో, వెల్లకిలా పడకముందే, ఆయన చేతులు తెరుచుకుని ఉన్నాయి.

వాటిని నేను ఎవరికీ చూపించలేదు. బావకి ఆ రోజు సంగతి ఈరోజుకీ గుర్తు లేదు. చేతులు మానాయి, షెడ్డుకి వెళ్తున్నాడు. కానీ పని మధ్యలో స్పానర్ కింద పెట్టి కూర్చుంటాడని, కళ్ల వెంట నీళ్లు కారుతుంటాయని అక్క ఫోన్ చేసి చెబుతుంది. ఎందుకని అడిగితే తెలవదంటాడట. దర్గాకి తీసుకెళ్లారు, గుంటూరులో డాక్టరుకి చూపించారు. ఎవరికీ ఏమీ అంతు పట్టలేదు. నాకూ పట్టలేదు. ఇంకెవరైనా ఇవే ఫోటోలు నా స్టూడియోకి తెస్తే ఏం చెప్పి పంపిస్తానో అని చాలాసార్లు ఆలోచించాను.

మొన్న మాచర్ల వెళ్లినప్పుడు, షెడ్డులో ఎవరూ లేని సమయం చూసి బావ నన్ను పక్కకి పిలిచాడు.

"ఒరేయ్, నాకు ఒక్కటే చెప్పు. లాగి ఒడ్డున ఏశానా, వదిలేశానా?"

ఆయన అరచేతుల వైపు చూస్తూ, "లాగావు బావా," అన్నాను.

ఆయన నా ముఖంలోకి చూశాడు.

"నీకు అబద్ధం చెప్పటం చాతకాదురా," అని లారీ కిందకి దూరాడు. ఆయన బయటికి వస్తాడేమోనని పొద్దుగూకేదాకా అక్కడే కూర్చున్నాను. రాలేదు.