తొక్కకుండా రాసిన నాలుగు కిలోమీటర్లు

ఆమెకు బొంగరం అని పేరు పెట్టింది అత్తగారు. "కోడలొచ్చిందనుకున్నాను గానీ వచ్చింది బొంగరం. పోనీ తాడన్నా మావాడి చేతిలో ఉందా అంటే అదీ లేదు" అని పెళ్ళయిన వారంలోపే ఆవిడ ఇరుగుపొరుగుతో అన్న మాట ఊరంతా పాకి, అసలు పేరును మింగేసింది. ఆ మాటకి ముప్పై ఏళ్ళు. అత్తగారు పోయారు, పేరు మాత్రం ఉండిపోయింది.

ఆ కొడుకు దర్జీ. పొద్దున మిషను ముందు కూర్చున్నాడంటే భోజనానికి కేకేసేదాకా లేవడు. ఆయన కూర్చోవడాన్నీ ఆమె తిరగడాన్నీ కలిపి చెరిసగం పంచితే ఇద్దరు మామూలు మనుషులు తయారయ్యేవారు. దేవుడికి కొలతలు సరిగ్గా రావు.

పెళ్ళయిన కొత్తలో ఆమె ఒక బేకరీలో పనిచేసేది. కొండ మీద చెట్లు కొట్టేవాళ్ళ గుడిసెలకీ, సరస్సుల పక్కన చేపలు పట్టేవాళ్ళకీ సైకిలు మీద రొట్టెలు అందించడం ఆమె పని. మూడు సరస్సులు, వాటి మధ్య అడవి, అడవిలో చిక్కుపడ్డ దారాల్లాంటి కంకర దారులు. మిగతావాళ్ళు తిట్టుకునే ఆ దారులంటే ఆమెకు ప్రాణం. తరవాత్తరవాత ఎక్కడెక్కడి నుంచో మనుషులు లావు టైర్ల గ్రావెల్ బైకులు వేసుకుని ఆ దారుల కోసమే రావడం మొదలుపెట్టారు. పర్యాటక ఆఫీసువాళ్ళు దారులు తెలిసిన మనిషి కోసం ఊరంతా వెతికి, చివరికి రొట్టెల బుట్ట దగ్గర తేలారు.

అప్పటినుంచి దారి కార్డులు రాయడం ఆమె ఉద్యోగం. తొమ్మిది దారులు, తొమ్మిది కార్డులు. ఎన్నో కిలోమీటరు దగ్గర ఏ మలుపు, ఎక్కడ కంకర జారుతుంది, ఎక్కడ దిగి నడవాలి అన్నీ అందులో ఉంటాయి. ఆమె తనకు తానే ఒక నియమం పెట్టుకుంది. ఈ ఏడు తొక్కని దారి ఈ ఏటి కార్డులో ఉండకూడదు. వానలు వెనకబట్టగానే తొమ్మిది దారులూ తొక్కేది, ఆ తరవాతే కాగితం ముట్టుకునేది.

ఈ ఏడాది ఎనిమిదో దారి పూర్తయ్యేసరికి కుడి మోకాలు గుమ్మడికాయంత అయింది. ఆరు వారాలు పెడలు ముట్టుకోవద్దన్నాడు డాక్టరు. అచ్చుకి వారమే గడువుంది. మిగిలింది కనుమ మీది చెక్‌పోస్టు నుంచి మూడో సరస్సుకి దిగే నాలుగు కిలోమీటర్లు. కళ్ళు మూసుకునైనా రాయగలను అనుకుంది. నిజంగా కళ్ళు మూసుకునే రాసింది, వంటింటి బల్ల దగ్గర, గంటలో.

కార్డులు అచ్చయి వచ్చిన రోజు నుంచి ఆమె కాలుగాలిన పిల్లే అయింది. మడతపెట్టిన బట్టలు విప్పి మళ్ళీ మడతపెట్టేది. కుంటుకుంటూ దుకాణానికి వెళ్ళి, ఎందుకొచ్చిందో చెప్పకుండా తిరిగొచ్చేది. ఎవరితో చెప్పుకోగలదు, తేలుకుట్టిన దొంగ పరిస్థితి. మొదటి జట్టు బయల్దేరడానికి రెండు రోజులుందనగా దర్జీ మిషను ఆపాడు.

"పొద్దుటినుంచి నా కత్తెర మూడుసార్లు తుడిచావు. ఏమైంది?"

చెప్పేసింది. ఆయన మిషను మీది గుడ్డ పక్కకి తీసి, "అంతేకదా. రేపు నీ సైకిలు తీసుకుని, కార్డు చేత్తో పట్టుకుని నేను చూసొస్తాను" అన్నాడు.

"మీరా? మీరు సైకిలెక్కి ఎన్నాళ్ళయింది?"

"దిగుడేగా. ఎక్కుడైతే కదా భయం."

మర్నాడు పొద్దున్నే సైకిల్ని బస్సు మీద వేయించుకుని కనుమకి వెళ్ళాడు. ఆమె గుమ్మానికీ వీధికీ మధ్య ఎన్ని మైళ్ళు నడిచిందో లెక్కలేదు. మధ్యాహ్నానికి వచ్చి, "రాసింది రాసినట్టే ఉంది. ఇంక కుదురుగా కూర్చో" అన్నాడు.

గుండెల మీంచి బరువు దిగింది. దిగిందిగానీ, ఎక్కడో ముల్లు మిగిలింది. గుమ్మాన్నైనా, గుర్రాన్నైనా అంగుళాల్లో చెప్పే మనిషి, నాలుగు కిలోమీటర్ల దారి చూసొచ్చి ఒక్క కొలతా చెప్పలేదు.

"రెండో మలుపు దగ్గర కర్రగేటు తీశాక మళ్ళీ వేశారా?"

"వేశాను. వెయ్యకపోతే పశువులు బయటికి పోవూ?"

ఆ దారిలో గేటు లేదు. ఎప్పుడూ లేదు.

ఆమె ఆయన్నే చూస్తూ నిలబడింది. ఆ చూపుకి ఆయన నిమిషం కూడా ఆగలేకపోయాడు.

"మొదటి వాలు చూసేసరికే భయమేసింది. చెక్‌పోస్టు గార్డు బల్ల మీద కూర్చున్నాను. నువ్వు రాస్తే తప్పుంటుందా? నేను చూస్తేనేం, చూడకపోతేనేం. నీ మనసు కుదుటపడితే చాలనుకున్నాను."

"నా మనసుకి అబద్ధంతో అతుకు వేశారన్నమాట" అంది. ఆ తరవాత ఆయనతో మాట్లాడలేదు. తన భయాన్ని నమ్మి చెప్పుకుంటే చిన్నపిల్లని జోకొట్టినట్టు జోకొట్టాడని ఆమెకు ఒళ్ళు మండిపోయింది.

పర్యాటక ఆఫీసు మేనేజరుకి ఫోను చేసి సంగతి చెప్పింది. ఆయన విని, గొంతు తగ్గించాడు.

"అమ్మా, ఈ మాట నాతో అన్నారు, ఇంకెవరితోనూ అనకండి. మోకాలు పనిచెయ్యట్లేదని పైవాళ్ళకి తెలిస్తే మీ చోట ఇంకొకర్ని చూడమంటారు. నిద్రలో లేపి అడిగినా చెప్పగలరు మీరు. ఏమీ కాదు."

ఆ పని పోతే ఆమెకు మిగిలేది నాలుగు గోడలు, ఒక కుర్చీ. ఆ కుర్చీని తలుచుకుంటేనే ఊపిరాడలేదు.

మర్నాడు పొద్దున ఏడింటికి కనుమ మీద పన్నెండుమంది హెల్మెట్లు బిగించుకుంటున్నారు. మేనేజరు కార్డులు పంచుతున్నాడు. ఆమె బస్సు దిగి, కుంటుకుంటూ వాళ్ళ మధ్యకి వెళ్ళింది. వెనకాలే మంచినీళ్ళ సంచీతో దర్జీ. రమ్మని ఆమె పిలవలేదు.

"ఈ నాలుగు కిలోమీటర్లూ నేను ఈ ఏడు తొక్కలేదు. మోకాలు సహకరించలేదు. జ్ఞాపకం మీద రాశాను."

మేనేజరు మొహం మాడిపోయింది. జట్టులో పొడుగాయన, "మరేం చెయ్యమంటారు?" అన్నాడు.

"నేను ముందు నడుస్తాను. మీరు సైకిళ్ళు చేత్తో నడిపించుకుంటూ రండి."

ఇద్దరు ముగ్గురు గొణిగారు. అయినా కదిలారు. అంతంత ఖరీదైన సైకిళ్ళు ఒక కుంటి నడక వెనక వరసకట్టి దిగడం చూస్తే ఎవరికైనా నవ్వొస్తుంది. పొడుగాయన ప్రతి గుర్తు దగ్గరా కార్డు చదివి హాజరు తీసుకున్నాడు. "కుడిపక్క బండ. ఉంది. అడ్డంగా వాగు, మూడు చెక్కలు. ఉన్నాయి." ఒక కిలోమీటరు గడిచింది, రెండు గడిచాయి, మూడు గడిచాయి. వేలెత్తి చూపడానికి ఒక్క తప్పు లేదు.

"చూశారా? గోరంతని కొండంత చేశారు. వీళ్ళని ఇంక ఎక్కనివ్వండి" అన్నాడు మేనేజరు.

మోకాల్లో మేకులు దిగుతున్నాయి. ఆమెకీ ఎక్కమనాలనే అనిపించింది. ఇంతలో పొడుగాయన పైకి చదివాడు. "మూడున్నర దగ్గర నిటారు వాలు. కంకర గట్టిది. బ్రేకు వెయ్యకండి, వదిలెయ్యండి. మలుపు తిరగ్గానే సరస్సు మీ ముందుంటుంది." అందరూ నవ్వారు. ఏటా మనుషులు వచ్చేది ఆ వాక్యం కోసమే. ఆమె ఇష్టంగా రాసుకున్నదీ అదే.

"ఇదొక్కటీ కూడా నడిచేద్దాం" అంది.

నడిచారు. మలుపు తిరిగారు. సరస్సు ముందే ఉంది. దారి లేదు. వానలకి కొండచరియ మొత్తం జారి నీళ్ళలో కూర్చుంది. తెగిన అంచు కింద, రెండు తాటిచెట్ల లోతున, దేవదారు చెట్ల కొనలు నీళ్ళలోంచి పైకి పొడుచుకొచ్చి ఉన్నాయి.

పొడుగాయన తన సైకిల్ని రెండడుగులు వెనక్కి లాక్కున్నాడు. మేనేజరు చేతిలో మిగిలిన కార్డుల్ని చొక్కా లోపలికి తోసేసుకున్నాడు.

దర్జీ వచ్చి ఆమె పక్కన నిలబడ్డాడు. నిన్నటినుంచి మొదటిసారి ఆమె ఆయన మొహంలోకి చూసింది.

"నిన్న మీరు నిజంగానే దిగి ఉంటే, ఈ వాలులో బ్రేకు వేసేవారా?"

ఆయన వెనక్కి తిరిగి వాలంతా చూశాడు. తరవాత అంచు చూశాడు.

"వెయ్యొద్దని నువ్వే రాశావుగా" అన్నాడు.

ఆమె ఆయన మోచెయ్యి పట్టుకుని అంచు దగ్గర్నుంచి వెనక్కి లాగింది. పైకి ఎక్కేదాకా ఆ చెయ్యి వదల్లేదు.