లగ్నానికి ముందే మోగిన గట్టిమేళం

అప్పట్లో నేను రాయచూరు దగ్గర థర్మల్ ప్లాంటులో పనిచేస్తూ, సెలవు రోజుల్లో పెళ్లిళ్లకు సన్నాయి ఊదేవాణ్ణి. డోలు మా బావమరిది నరసింహులుది. కొత్త స్మార్ట్‌ఫోన్ రింగు ప్లాంటు రొదలో వినపడటం లేదని, మేమిద్దరం వాయించిన గట్టిమేళంలోంచి మంచి ఊపున్న ముక్క కత్తిరించి రింగ్‌టోన్‌గా పెట్టుకున్నాను. ఎవరు ఫోన్ చేసినా నాకు పండగే!

యాపలదిన్నిలో ఒక పెళ్లి. వరుడు తాళి పట్టుకుని నిలబడ్డాడు. తాను చెయ్యెత్తాకే మేళం అందుకోమని చెప్పి పురోహితుడు గడియారం చూస్తున్నాడు. మైకు ముందు కూర్చున్న నా జేబులో ఫోన్ మోగింది. గట్టిమేళంతో పందిరి దద్దరిల్లింది! అక్షతల వాన కురిసింది. వరుడు గబగబా మూడు ముళ్లూ వేసేశాడు. ఉలిక్కిపడ్డ నరసింహులు వెంటనే డోలు అందుకున్నాడు.

పెళ్లికూతురి మేనమామ అతని మీదికే వచ్చాడు. "ఏందిరా, లగ్నం గాకముందే కొడ్తవా? గంత జల్దీ ఏమొచ్చెరా నీకు?"

"మంచి ఘడియలే, ఫికర్ జేయకుండ్రి" అని పురోహితుడు సర్దిచెప్పాడు. అయినా ఆ ఊరివాళ్లు నరసింహులును మళ్లీ మేళానికి పిలవలేదు. సిగ్గుతో నేను నోరు విప్పలేదు.

మొన్న క్షమాపణ అడిగితే పడీపడీ నవ్వాడు. "నా డోలు నాకు ఎర్కలేదా బావా? నీ పేరు జెప్తే మా అక్క నిన్ను ఇంట్లకు రానిస్తుండెనా?"

యాపలదిన్ని పెద్దలారా, ముందుగా మోగింది నా జేబు. ఈసారి పెళ్లికి మా నరసింహులునే పిలవండి. నేను ఫోన్ ఇంట్లో పెట్టి వస్తాను.