పుర్రచేతి చీపురు గీతలు

ముప్పై ఏళ్ళు సరుగుడు తోటలో ఒక్కణ్ణే తిరిగేను. ఫారెస్టు వాచరు ఉద్యోగం. వానలో తిరిగేను, తుఫానులో తిరిగేను. సముద్రం ఒడ్డుకి కొట్టిన శవాల దగ్గర, పోలీసులొచ్చేదాకా కాపలా కూర్చున్నాను. దెయ్యమనేది ఉంటే ముందు నాకే కనపడాలి. కనపడలేదు. ఎవరైనా కథలు మొదలెడితే, "నువ్వు చూసేవా?" అని మొహం మీదే అడిగేవాణ్ణి. చూసినవాడు ఒక్కడూ దొరకలేదు. అందరూ విన్నవాళ్ళే.

ఇది నేను విన్నది కాదు. కళ్ళారా చూసింది, చేత్తో ముట్టుకున్నది. అందుకే రాయడానికి ఇన్నాళ్ళు పట్టింది.

మాది రాజోలు దిగువన సముద్రం పక్క ఊరు. ఊరికీ సముద్రానికీ మధ్య సరుగుడు తోట. తుఫాను గాలి నేరుగా ఇళ్ళ మీద పడకుండా ఎప్పుడో వేసిన తోట అది. తోటకి ఇవతల అంచున మా పేట. ముప్పై నలభై గడప. సగం ఇళ్ళు ఇప్పటికీ తాటాకువే.

సరుగుడు ఆకు సూదుల్లా రాలుతుంది. ఏడాది పొడుగునా రాలుతూనే ఉంటుంది. ఎండితే అగ్గిపుల్ల చాలు. వెనకటి రోజుల్లో ఆ భయం లేదు. పేట ఆడవాళ్ళు కొబ్బరీనెల చీపుళ్ళతో ఊడ్చి, గంపలకెత్తి, పొయ్యిల్లోకి పట్టుకుపోయేవారు. తోట మధ్యలో, సముద్రం ఒడ్డుకి సమాంతరంగా, ఈ చివర్నించి ఆ చివరికి ఎనిమిదడుగుల బాట ఒకటుండేది. దాన్ని ఫైరు లైను అనేవాళ్ళం. శివరాత్రి వెళ్ళగానే దాన్ని ఇసక కనపడేదాకా ఊడవాలి. అటు అంటుకున్న మంట ఇటు రాకుండా.

తరవాత గ్యాసు బండలొచ్చేయి. కంచె వచ్చింది. ఆ తరవాత తోటలో సముద్రం వైపు సగం పార్కు అయింది. సిమెంటు బల్లలు, ఏనుగు బొమ్మ, సెల్ఫీ దిగడానికి గుండె ఆకారంలో ఒక ఇనప చట్రం. ఫైరు లైను ఎవడికీ పట్టలేదు. ఆకు మోకాలి లోతు పేరుకుంది. కార్తీకంలో వనభోజనాలకనీ, వేసవిలో ఊరికేననీ జనం వస్తారు. మూడు రాళ్ళు పెట్టి, చెట్ల కిందే బిర్యానీ వండుతారు. చూస్తే నాకు ఒళ్ళు మండేది.

ఆకు నేలకి బలం, కాదనను. తోటంతా ఊడ్చెయ్యమని నేనెప్పుడూ అనలేదు. ఆ ఎనిమిదడుగులూ ఊడవండి చాలన్నాను. మూడు అర్జీలు రాసేను. నేను బడికెళ్ళినవాణ్ణి కాదు. కొట్లో పొట్లాలు కట్టిన పేపరు ముక్కలు కూడబలుక్కుని చదువు నేర్చుకున్నాను. అయినా నా అర్జీలో తప్పు పట్టినవాడు లేడు. చదివినవాడు కూడా లేడనుకోండి.

మూడోసారి వెళ్తే పార్కు సూపర్వైజరు నవ్వేడు. కుర్రాడు, పెద్ద చదువు.

"తాతగారూ, ఇది కోనసీమండీ బాబూ. అడుగు తవ్వితే నీళ్ళు. ఇక్కడ కార్చిచ్చేటండీ, ఇదేవన్నా నల్లమలా?"

"నీళ్ళు కిందుంటాయి బాబూ. మంట పైన పోతుంది" అన్నాను.

"ఆయ్, అలాగేనండి. పైకి రాస్తాం" అన్నాడు. పైకి అంటే ఎక్కడికో ఈ రోజుకీ నాకు తెలీదు.

అది ఫాల్గుణం. ఎండ ముదురుతోంది. నేను పొద్దున్నా సాయంత్రం తోటలో నడుస్తాను. ఉద్యోగం అయిపోయినా కాళ్ళు మానలేదు. ఒక బుధవారం సాయంత్రం ఆ బాట మీదుగానే వచ్చేను. ఆకు పాదాల కింద కరకరలాడింది. చెప్పు ఒకసారి ఆకులో కూరుకుపోతే వంగి తీసుకున్నాను కూడా. గురువారం పొద్దున్న వెళ్తే బాట ఊడ్చి ఉంది.

ఈ చివర్నించి ఆ చివరికి. ఎనిమిదడుగుల వెడల్పు. తెల్లటి ఇసక. ఆకు ఒక పక్కకి పోగులు పెట్టి ఉంది. ఈ చివర నుంచి ఆ చివరికి నడిస్తే నా అడుగులతో పదకొండు వందలు. వెనకటికి ఆరుగురు ఆడవాళ్ళు మూడు రోజులు ఊడిస్తే గాని అయ్యేది కాదు, అదీ ఆకు ఇంత మందం లేనప్పుడు.

నాకు వచ్చిన మొదటి ఆలోచన సంతోషం. నా అర్జీ పని చేసింది! తిన్నగా పార్కు ఆఫీసుకెళ్ళి సూపర్వైజరుకి రెండు చేతులూ ఎత్తి దండం పెట్టేను.

అతను అయోమయంగా చూసేడు. "మేం చెయ్యలేదండీ. మీరు చేయించేరా? పర్మిషన్ లేకుండా ఎలా చేయిస్తారండీ?" అన్నాడు.

అతనితో తగువుపడి బయటికొచ్చేను. పేటలో ఇల్లిల్లూ అడిగేను. ఉపాధి పనికెళ్ళేవాళ్ళని అడిగేను. ఎవరూ కాదు. "మా వాకిలి ఊడవడానికే నడుం రావట్లేదు, తోటెక్కడ ఊడుస్తాం తాతా" అని నవ్వేరు. గేటు దగ్గర కెమెరా ఉంది. అందులో ఎవరూ రాలేదన్నారు. అది గేటునే చూస్తుంది, కంచెకి వంద కన్నాలున్నాయి. కాబట్టి దాన్ని నేను సాక్ష్యం కింద లెక్కపెట్టను.

మధ్యాహ్నం మళ్ళీ వెళ్ళి, ఈసారి కూర్చుని చూసేను.

అడుగుల గుర్తులు లేవు. వెనక్కి నడుస్తూ ఊడిస్తే అడుగులు చెరిగిపోతాయి, అందులో వింత లేదు. కానీ చీపురు గీతలున్నాయి. కుడిచేత్తో ఊడిస్తే గీత ఒక పక్కకి వంగుతుంది. ఇవి రెండో పక్కకి వంగేయి. ఒక్కటి కాదు, అన్నీ. ఈ చివర్నించి ఆ చివరిదాకా ఒకే చెయ్యి. పుర్రచెయ్యి.

పోగుల మీద, గాలికి ఆకు లేచిపోకుండా, దోసెడు ఇసక పోసి ఉంది. ముట్టుకున్నాను. తడి ఇసక. చల్లగా ఉంది. అక్కడ పైన ఇసక పొడి, మోకాలి లోతు తవ్వితే గాని తడి తగలదు. చుట్టూ ఒక్క గొయ్యి లేదు. అప్పటికి పొద్దు నడినెత్తి దాటింది. ఆ ఎండకి గంటలో ఆరిపోవాలి.

చెయ్యి వెనక్కి తీసుకున్నాను. ఎందుకంటే అలా పోగు మీద తడి ఇసక పోసే మనిషి మా పేటలో ఒక్కతే ఉండేది. పుర్రచేతి మనిషీ ఆమే. మరియమ్మ. ఆమె పోయి అప్పటికి ఆరేళ్ళు.

ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పాలి. కంచె వచ్చిన కొత్తలో, తోటలోంచి పుల్ల కూడా కదలకూడదని పైనుంచి ఆర్డరు వచ్చింది. ఆ రూలు సరైంది కాదని నాకు తెలుసు. అయినా ఉద్యోగం నాది. మర్నాడు మొట్టమొదట దొరికింది మరియమ్మే. ఆమె చేతిలో చీపురు, నెత్తిన గంప. నేను నేరాల రిజిస్టరు తీసి పేరు రాసేను. చదువుకోనివాడికి రాయడం వస్తే ఉండే గీర ఉంటుందే, అది నాకూ ఉండేది.

ఆమె తగువు పడలేదు. దగ్గరకొచ్చి తొంగి చూసింది.

"నా పేరేనాండీ అది? ఎప్పుడూ చూడలేదండి. ఇన్ని చుట్టలున్నాయేటండీ అందులో!"

చీపురు తిరగేసి, కట్టతో ఇసకలో 'మ' దిద్దింది, పుర్రచేత్తో. వంకరగా వచ్చింది. చూసుకుని నవ్వింది.

"దొంగ అని రాసినా పేరు బాగా రాసేరండి వాచరుగారూ" అంది.

ఆ తరవాత ఆమె తోటలోకి రాలేదు. ఆమెని చూసి మిగతావాళ్ళూ రాలేదు. ఫైరు లైను ఆగిపోయింది గ్యాసు బండల వల్లా, పార్కు వల్లా అని నేను అందరి మీదా అరిచేవాణ్ణి. మొదట ఆగింది నా రాత వల్ల. ఆ మాట ఏ అర్జీలోనూ రాయలేదు.

మరియమ్మ కూతురు సువార్త మా పేట బళ్ళోనే టీచరు. ఆ వారం అమలాపురంలో ట్రైనింగులో ఉంది. శనివారం వస్తే తీసుకెళ్ళి చూపించేను. గీతల వెంట కొంత దూరం నడిచింది. ఒక పోగు మీద ఇసక ముట్టుకుని, చెయ్యి కొంగుకి తుడుచుకుంది.

"మా అమ్మ ఇలాగే పోసేదండీ. మీకెలా గుర్తుంది బాబాయిగారూ?"

నేను వంగి, ఆమె ముట్టుకున్న చోట ఇసక సర్దేను.

"ఇది ఎవరికీ చెప్పకండి. మా పాస్టరుగారు ఇలాంటివి ఒప్పుకోరు. నేనూ ఒప్పుకోను" అంది. మళ్ళీ తనే, "అమ్మకి మీ మీద కోపం ఉండేది కాదండీ. వాచరుగారి దస్తూరి గుండ్రంగా ఉంటాది, నువ్వూ అలా రాయాలి అనేది నాతో" అంది.

కోపం ఉందని చెప్పినా బావుండేది నాకు.

ఆదివారం మధ్యాహ్నం పార్కులో ఎవరో వండుకుని, పొయ్యి ఆర్పకుండా పోయేరు. సముద్రం గాలి ఊపుగా ఉంది. పొగ చూసి నేను పరిగెత్తేసరికి మంట నేలబారున పేట వైపు వస్తోంది, చాప చుట్టినట్టు. ఆ చప్పుడు ఇంకా నా చెవుల్లో ఉంది. ఫైరింజను రావాలంటే గంట. ఇటు తాటాకిళ్ళు, లోపల ముసలివాళ్ళు, ఉయ్యాల్లో పిల్లలు.

మంట ఫైరు లైను దాకా వచ్చింది. అక్కడ ఆకు లేదు. ఇసక అంచున ఎర్రగా కాసేపు వెతుక్కున్నట్టు కదిలి, నల్లబడిపోయింది. ఇటు పక్క పోగుల మీద నిప్పురవ్వలు పడ్డాయి. అప్పటికీ ఆరని ఆ తడి ఇసక మీద పడ్డవి పడ్డట్టే ఆరేయి. దాటి పడ్డ నాలుగైదింటిని పేటవాళ్ళు తడిపిన గోనెసంచులతో కొట్టి ఆర్పేరు. ఒక్క తాటాకు కాలలేదు.

వారం తరవాత సూపర్వైజరు మా ఇంటికొచ్చేడు. నవ్వు లేదు మొహంలో. చేతిలో రిపోర్టు కాయితం.

"ఫైరు లైను ఎవరు శుభ్రం చేశారు అని కాలమ్ ఉందండీ. మా సిబ్బంది అని రాసేస్తాను. లేదంటే మీ పేరు రాస్తాను, సన్మానం చేస్తారు మీకు. ఏవంటారు?"

నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. "చెయ్యనివాళ్ళ పేరు రాస్తావా! కాయితమంటే ఏమనుకున్నావు నువ్వు?" అని అరిచేను. అరుస్తుంటేనే ఆ మాట నాకే తగిలింది.

పెన్ను ఇమ్మన్నాను. ఇచ్చేడు. నేను రాసింది చదివి, "మరియమ్మ. ఈవిడ ఎవరండీ? సెల్ నంబరుందా?" అన్నాడు.

"లేదు బాబూ" అన్నాను.

ఇది జరిగి నాలుగేళ్ళయింది. శివరాత్రి వెళ్ళగానే ఇప్పుడు పార్కువాళ్ళే మనుషుల్ని పెట్టి ఊడిపిస్తున్నారు. ఏటా వెళ్ళి గీతలు చూస్తాను. అన్నీ కుడిచేతివే. దెయ్యాలున్నాయా అంటే ఇవాళ కూడా లేవనే అంటాను. మరి ఆ రాత్రి ఎవరు ఊడ్చేరు, ఆ ఇసక ఎక్కడిది అంటే చెప్పలేను. తెలియదు. ఆ కాలమ్‌లో 'తెలియదు' అని రాయొచ్చేమో కూడా. అలా రాయడానికి నాకు చెయ్యి రాలేదు.

ఆ పేరు నేను కాయితం మీద రాయడం అది రెండోసారి. మొదటి అక్షరం 'మ' కొంచెం వంకరగా వచ్చింది. దిద్దలేదు. అలాగే వదిలేసేను.