మాణిక్యమ్మ వానలో చూసి కొన్న ఇల్లు

మా నానమ్మ మాణిక్యమ్మకు ఇంటి ఓనర్లంటే పడదు. హైదరాబాద్ పాతబస్తీలో, ఛత్రినాకలోనే గల్లీ నుంచి గల్లీకి సామాను మోసుకుంటూ బతికిన మనిషి. ఒక ఓనరు మేడ మీద బట్టలు ఆరేయనివ్వలేదు. ఒకాయన చేపలు వండితే కిటికీలు మూసుకోమన్నాడు. ఇంకొకామె మా చుట్టాలు వచ్చినప్పుడల్లా నల్లా నీళ్లు బంద్ చేసేది. వాళ్లందరినీ ఇప్పటికీ పేరుపేరునా తిడుతుంది. అలాంటి మనిషి, ఆర్టీసీ డిపోలో బస్సులు కడిగే నౌకరీ నుంచి రిటైరై చేతికి పైసలు రాగానే, తానే ఓనరును అవుతానంది. మా ఇంట్లో అందరూ నవ్వారు. నేను కొంచెం ఎక్కువ నవ్వాను.

"నవ్వు పోరీ, నవ్వు. నాకొచ్చే పించన్ మందు గోలీలకు గూడ చాలది. గీ పైసలు బ్యాంకుల పెడితె మీ బాపు అడుగుతనే ఉంటడు, నేను ఇస్తనే ఉంట. ఇల్లు కొంటె నెల నెల కిరాయొస్తది. ఎవ్వని ముంగట చెయ్యి చాపను" అంది.

మా బాపు దుర్గయ్య ఇళ్లకు రంగులేస్తాడు. తన అమ్మ పైసలకు తానే సలహాదారు అనుకుని, ఓదెలు అనే బ్రోకర్‌ను వెంటబెట్టుకొచ్చాడు. ఓదెలు రెండు ఇళ్లు చూపించాడు. మొదటిది బార్కస్ పోయే దారిలో. నేలంతా మెరిసే టైల్సు, మూడు పోర్షన్లు, మూడింటిలోనూ మనుషులు. ధర కూడా తక్కువ. బాపు అక్కడే కరిగిపోయాడు.

"మూడు కిరాయిలు అమ్మా! ఇయ్యాల్నే బయానా పైసలు ఇచ్చి బేరం ఖాయం చేద్దాం."

"కాయితం ఏముంది?" అని నానమ్మ అడిగింది.

"నోటరీ అవ్వా. ఈ దిక్కు మస్తు ఇండ్లు గట్లనే అమ్ముడుపోతయి, ఫికర్ జెయ్యకు" అన్నాడు ఓదెలు.

"అంటె రిజిస్ట్రేషన్ లేదు. అమ్మినోడు సంతకం పెట్టిండు, వకీలు ముద్దర గుద్దిండు. రేపు వాని తమ్ముడొచ్చి ఇల్లు నాది అంటె?"

"ఎవరొస్తరు అవ్వా?"

"ఎవ్వరు రాకపోతె గింత సస్తగ ఎందుకిస్తుండు?"

రెండో ఇల్లు మా గల్లీలకు దగ్గరే, కొంచెం పల్లంలో ఉంది. పాతది. రిజిస్ట్రేషన్ ఉంది. దాని ఓనరు సదాశివ గారు ఆఫీసు దగ్గరవుతుందని ఊరికి అటువైపు వెళ్లిపోయారు; ఆ రోజు ఇల్లు చూపించడానికి వచ్చారు. పై పోర్షన్‌లో అమల అనే ఆమె మిషన్ కుడుతూ కిరాయికి ఉంటోంది. కింది పోర్షన్ చాలాకాలంగా ఖాళీ. నానమ్మ ఆ ఖాళీ గదుల్లో నిలబడి చాలాసేపు ముక్కు గోక్కుంది.

"సారూ, కొనేముందు వానలు పడే నెల నేను ఈడ కిరాయికుంట. కిరాయిస్త, ఊకెనే గాదు" అంది.

ఓదెలు నెత్తి కొట్టుకున్నాడు. "ఇల్లు కొనేటోళ్లు గంట సేపు చూస్తరు అవ్వా. నువ్వు కాపురం చేసి చూస్తవా?"

"చీర కొంటెనే భుజం మీదేసి చూసుకుంట. జిందగీ పైసలు వెట్టి ఇల్లు కొంటున్న."

ఖాళీగా పడి ఉన్న పోర్షన్‌కు కిరాయి వస్తుందంటే సదాశివ గారు కాదంటారా? బోనాల డప్పులు మొదలైన రోజుల్లో ఒక స్టవ్వు, రెండు బొంతలు పట్టుకుని నేనూ నానమ్మా అందులో దిగాం. ఇంటర్ తప్పి ఖాళీగా ఉన్నది నేనొక్కదాన్నే కాబట్టి తోడుకు నేనే దొరికాను.

ఆ నెల ఆమె నన్ను పెట్టిన పాట్లు చెప్పనలవి కాదు. నాకు కొత్తగా పెళ్లయిందని అబద్ధమాడి, చుట్టుపక్కల ఖాళీ పోర్షన్ల కిరాయిలన్నీ అడిగించింది. ఒకామె మా ఆయన ఏం పని చేస్తాడని అడిగింది. "ఏ పని చెయ్యడమ్మా, గందుకే చిన్న ఇల్లు వెతుకుతున్నం" అంది నానమ్మ.

అమల దగ్గర రెండు జాకెట్లు కుట్టించింది. మూడోది ఇచ్చేసరికి అమల అసలు సంగతి చెప్పింది. "నేనిచ్చే కిరాయి సారు మీకు చెప్పినంత లేదు నానమ్మా. ఎవరన్న అడిగితె ఎక్కువ చెప్పుమన్నడు." నానమ్మకు కోపం వస్తుందేమోనని చూశాను. ఆమె అమలకే టీ పెట్టించింది. అదీ నాతోనే.

తర్వాత ఒక మధ్యాహ్నం పెద్ద వాన పడింది. బాత్రూం తూములోంచి బుడబుడమని మోరీ నీళ్లు పైకొచ్చాయి. చూస్తుండగానే గదిలోకి పారాయి. నా చెప్పు ఒకటి వంటింటి వైపు తేలుతూ పోయింది. నానమ్మ మంచమెక్కి కాళ్లు ముడుచుకుని కూర్చుని నవ్వుతోంది.

"ఇగ దొరికింది! కింద ఎందుకు ఖాళీ ఉన్నదో ఇప్పుడు తెలిసింది. మీ బాపుకు ఫోన్ కొట్టు."

బాపు పైజామా మడిచి నీళ్లలో నడుస్తూ వచ్చాడు. ఆయనకూ సంతోషమే. "చూసినవా? గా టైల్స్ ఇల్లు తీసుకో అంటె ఇన్నవా?"

"ఇన్న. ఇప్పుడు గిదే కొంట."

"పిచ్చి లేసిందా అమ్మా?"

"రంగేసేటోనివి, నీకెరుక లేదా? ఎన్ని చెమ్మ గోడలు రంగు కింద దాచినవ్? గా ఇంటి కింద ఏమున్నదో నాకు కనవడతలేదు. గీ ఇంటి కింద ఏమున్నదో నా మంచం కింద పారుతున్నది. మేస్త్రీని పిలుస్త. నేల ఎత్తుకు లేపిపిస్త, మోరీ నీళ్లు ఎనకకు రాకుండ పైపుకు మూత పెట్టిపిస్త. గంత ఖర్సు ధరల కోస్త. నోటరీ కాయితానికి ఏ మేస్త్రీని పిలవాలె?"

"నా మాటకు ఇలువే లేదా?"

"కొడుకువి నువ్వే. పైసలు నావి."

బేరానికి వచ్చిన సదాశివ గారు ఒక పట్టాన ధర దిగలేదు. అసలు కిరాయి ఎంతో, నీళ్లు ఎంత ఎత్తు వచ్చాయో నానమ్మ మెల్లగా చెప్పింది. అయినా ఆయన తల అడ్డంగా ఊపారు. "మంచిది సారూ" అని బొంతలు చుట్టి నా నెత్తిన పెట్టింది. మేమెక్కిన ఆటో గల్లీ మలుపు తిరగకముందే ఆయన వెనకాల నుంచి పిలిచారు.

ధర కుదిరాక కూడా తొందరపడలేదు. ఇల్లు ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో, ఎక్కడైనా తాకట్టు ఉందో రిజిస్ట్రేషన్ ఆఫీసులో ఈసీ కాయితం తీయించి నాతో పైకి చదివించింది. ఇంటి పన్ను, నల్లా బిల్లు బాకీలు ఆయనతోనే కట్టించింది. చేతిలో ఉన్నదంతా ధరకే ఊడ్చి పెట్టకుండా మరమ్మతులకని, ఇల్లు ఖాళీగా ఉండే నెలలకని కొంత పక్కన పెట్టుకుంది. నేల లేచింది. పైపుకు మూత పడింది. తర్వాతి పెద్ద వానకు నీళ్లు బయటే ఆగిపోయాయి.

అప్పుడే మేముండే ఇంటి ఓనరు కిరాయి పెంచాడు. బాపు నానమ్మ పక్కన చేరి నెమ్మదిగా అన్నాడు.

"అమ్మా, కింది పోర్షన్ల మనమే ఉందాం. మన ఇల్లే గద."

"రాండ్రి. బయటోళ్లకు చెప్పిన కిరాయే. రెండు నెలల అడ్వాన్సు."

"కన్న కొడుకు దగ్గర కిరాయా?"

"అమల ఇస్తలేదా?"

"నువ్వు తినేది నా ఇంట్ల గాదా?"

"తింటున్న. గందుకే బియ్యం, గ్యాసు ఇగ నుంచి నేను తెస్త. నువ్వు ఊకెనే ఉంటె అది నా ఇల్లు గాదు కొడుకా, నీ ఇల్లయితది. నేను మల్ల నీ ముంగట చెయ్యి చాపాలె."

"గల్లీ అంత నవ్వుతది."

"నవ్వనియ్యి. నీ బిడ్డ అప్పుడే నవ్వింది, నాకేమన్న అయిందా?"

బాపు అన్నం తినకుండా బయటికి పోయాడు. కొన్నాళ్లు ఆమెకు ఎదురుపడకుండా తిరిగాడు. ఆమె ఓదెలుకు ఫోన్ చేసి కిరాయికి మనుషులను చూడమని, మాకందరికీ వినబడేలా గట్టిగా చెప్పింది. ఆ మరునాడు బాపు రంగుల బకెట్టు పట్టుకుని ఆమె ఎదుట నిలబడ్డాడు.

"మెట్లకు, గోడలకు రంగేస్త. అడ్వాన్సుల కోసుకో."

"రంగెయ్యి. కూలి ఎంతయితదో చెప్పు, చేతిలవెడత. అడ్వాన్సు మాత్రం అడ్వాన్సే."

బాపు రంగేశాడు, కూలి తీసుకున్నాడు, ఎక్కడో ఇంకొంచెం సర్దుకొచ్చి అడ్వాన్సు ఆమె చేతిలో పెట్టాడు. ముఖం ఇంకా మాడ్చుకునే ఉన్నాడు.

"రశీదు ఇయ్యి" అన్నాడు.

"గిప్పుడు నువ్వు కిరాయిదారువు" అని నానమ్మ నన్ను పెన్ను తెమ్మంది.